పింఛను ఖాతాలో అప్పులవాళ్ల చెయ్యి

న్యాయ సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. బతుకుతెరువుకని ప్రభుత్వం ఇచ్చే డబ్బో, ఉద్యోగం చేసి దిగినందుకు వచ్చే పింఛనో ఖాతాలో పడీ పడకముందే పాత బాకీ కింద పోతోంది, దీనికి అడ్డు లేదా అని అడుగుతున్నారు. అందుకని ఈ సంచికలో తక్కిన ప్రశ్నలను పక్కన పెట్టి ఆ ఉత్తరాలకే చోటిస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారి పేర్లు, బ్యాంకుల పేర్లు తీసేశాను.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మా ఆయన పోయి ఆరేళ్లయింది. నెలకు 2016 రూపాయల వితంతు పింఛను నా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అదే బ్యాంకులో మా మహిళా సంఘం తీసుకున్న అప్పు ఉంది. సంఘంలో పదకొండు మందిమి. నా వంతు కిస్తీలు నేను కట్టేశాను, ఇద్దరు మాత్రం కట్టడం మానేశారు. ఇప్పుడు సంఘం బాకీ తీరేదాకా ఎవరి డబ్బూ ఇచ్చేది లేదని మా అందరి సొంత ఖాతాలూ హోల్డులో పెట్టారు. నాలుగు నెలల పింఛను 8064 రూపాయలు ఖాతాలో కనిపిస్తోంది కానీ చేతికి రావడం లేదు. మేనేజరు గారిని అడిగితే పైనుంచి వచ్చిన ఆదేశం అంటున్నారు. మందులకు కూడా చేబదులు తెచ్చుకుంటున్నాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరానికే ఎక్కువ జాగా ఇస్తున్నాను, ఎందుకంటే ఇందులో చెప్పేది మిగిలిన ఉత్తరాలకూ పనికొస్తుంది. మన ఖాతాలో డబ్బు మీద ఇతరుల చెయ్యి మూడు దారుల్లో పడుతుంది. కోర్టుకు వెళ్లి డిక్రీ (బాకీ కట్టాలన్న తీర్పు ఉత్తర్వు) తెచ్చుకుని జప్తు చేయించేది ఒక దారి. నెలనెలా ఇంత తీసుకోండని మనమే సంతకం పెట్టి ఇవ్వడం రెండోది. తనకు రావాల్సిన బాకీని తన దగ్గరే ఉన్న మన డబ్బుతో బ్యాంకే సర్దుకోవడం మూడోది. మీకు జరిగింది ఈ మూడోది. దీనికి కోర్టు బంట్రోతు రానక్కరలేదు, గోడకు నోటీసు అంటించనక్కరలేదు, కంప్యూటరులో ఒక మీట నొక్కితే చాలు. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి బ్యాంకులకు ఇదే అలవాటైన దారి అయిపోయింది.

సర్దుబాటు హక్కు బ్యాంకులకు అసలే లేదని చెప్పను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షను బ్యాంకరు చేతికి వచ్చిన ఖాతాదారు సొత్తు మీద పట్టు ఉంచుకునే హక్కును ఇచ్చింది. డిపాజిట్టును అప్పుతో సర్దుకునే హక్కును కూడా కోర్టులు ఎప్పటినుంచో ఒప్పుకుంటూ వచ్చాయి. అయితే దానికి మొదటి షరతు, అప్పు పడ్డ మనిషీ డిపాజిట్టు ఉన్న మనిషీ ఒకరే కావాలి, అదీ ఒకే హోదాలో. సంఘం అప్పు సంఘం పేరిట ఉంది, పింఛను ఖాతా మీ పేరిట ఉంది. ఈ రెండూ ఒకటని బ్యాంకు అనాలంటే, సంఘం బాకీకి సభ్యులందరూ 'ఉమ్మడిగానూ విడివిడిగానూ' బాధ్యులమని మీరు సంతకం చేసిన కాగితం చూపించాలి. అప్పు తీసుకున్న రోజున పదకొండు మందితో వరసగా వేలిముద్రలు, సంతకాలు తీసుకున్నారు కదా, ఆ కాగితాల నకలు అడగండి. అలాంటి మాట అందులో లేకపోతే హోల్డుకు ఆధారమే లేదు. ఆ మాట ఉన్నా మీ కథ అక్కడితో ముగియదు, ఎందుకంటే ఆ ఖాతాలో ఉన్నది మామూలు పొదుపు సొమ్ము కాదు, పింఛను.

1871లో తెల్లదొరల ప్రభుత్వం చేసిన పింఛన్ల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. గత సేవలకు గానీ, ఉన్న వైకల్యానికి గానీ, కారుణ్య భత్యంగా గానీ ప్రభుత్వం ఇచ్చే పింఛనును అప్పులవాడి కోసం ఏ కోర్టూ జప్తు చేయరాదని ఆ చట్టం 11వ సెక్షను చెబుతుంది. భర్త లేని పేదరాలికి ప్రభుత్వం దయతలచి ఇచ్చే నెలసరి సాయం కారుణ్య భత్యం కాకపోతే మరేదవుతుందో నాకు అర్థం కాదు. ఆ సెక్షను కోర్టు జప్తు గురించి మాట్లాడుతుంది తప్ప బ్యాంకు సర్దుబాటు గురించి కాదని బ్యాంకు తరఫు వకీలు అంటారు. దానికి నా జవాబు ఇది: డిక్రీ చేత పట్టుకుని వచ్చిన అప్పులవాడికే అందని సొమ్ము, ఏ డిక్రీ లేని అప్పులవాడికి ఎలా అందుతుంది?

దీనికి దగ్గరి ఉదాహరణ ఈమధ్యనే ఉంది. 2024 జూలై 30న కేరళలోని వాయనాడులో కొండచరియలు విరిగిపడి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాక అక్కడి ప్రభుత్వం బతికి బయటపడ్డ కుటుంబాల ఖాతాల్లో తక్షణ సాయంగా 10,000 రూపాయల చొప్పున వేసింది. ఒక గ్రామీణ బ్యాంకు అందులోంచి పాత అప్పుల కిస్తీలు మినహాయించుకుంది. జనం బ్యాంకు ముందు బైఠాయించారు, ముఖ్యమంత్రి బ్యాంకర్ల సమావేశంలోనే నిలదీశారు, తీసుకున్న డబ్బు తిరిగి ఖాతాల్లో వేయక తప్పలేదు. ఆ సందర్భంలో కేరళ హైకోర్టు, ఒక ప్రత్యేక అవసరానికని ఇచ్చిన డబ్బు బ్యాంకు దగ్గర లబ్ధిదారుల తరఫున నమ్మకంగా ఉంచిన సొమ్ము వంటిదనీ, దాన్ని బ్యాంకు తన బాకీకి వాడుకోరాదనీ వ్యాఖ్యానించింది. మీ పింఛనుకు కూడా ఈ తర్కమే వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఇక చేయాల్సిన పని. పాస్‌బుక్కులో పింఛను జమ అయిన నాలుగు పద్దులకూ గుర్తు పెట్టి నకలు తీయించండి. మేనేజరు గారికి తెలుగులోనే ఉత్తరం రాయండి. ఈ మొత్తాలు ప్రభుత్వ పింఛను, నా పేరిట విడిగా ఏ అప్పూ లేదు, ఏ నిబంధన ప్రకారం ఎవరి ఆదేశంతో నా ఖాతాను హోల్డులో పెట్టారో రాతపూర్వకంగా తెలియజేయండి అని అడిగితే చాలు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. పైనుంచి వచ్చిన ఆదేశాన్ని కాగితం మీద చూపించమన్న రోజున ఆ ఆదేశం ఆవిరైపోవడం నేను చాలాసార్లు చూశాను. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలూ అవసరం లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా రాయాలో తెలుగులోనే చెబుతారు. ముద్ర వేయించుకున్న ఆ ప్రతి లేకపోతే మాత్రం, ముందు బ్యాంకులో అడగలేదన్న కారణంతో అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదును తోసిపుచ్చవచ్చు.

ఇదంతా తేలేలోగా వచ్చే నెల పింఛను కూడా ఆ ఖాతాలోనే చిక్కుకోకూడదు కదా. మండల పరిషత్ కార్యాలయంలో ఎంపీడీఓ గారికి దరఖాస్తు ఇచ్చి, పింఛనును మీ ఊరి పోస్టాఫీసు ద్వారా ఇప్పించమని కోరండి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే, 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇస్తారు. దీనికి 15100 నంబరు ఉంది.

ఒక్క మాట బ్యాంకు వైపు నుంచి కూడా చెప్పాలి. పూచీకత్తు ఏమీ లేకుండా లక్షల రూపాయలు సంఘాలకు అప్పిస్తున్నారంటే, ఒకరు ఎగ్గొడితే మిగిలినవారు ఊరుకోరన్న నమ్మకంతోనే. ఆ ఇద్దరితో గ్రామ సంఘం సహాయకురాలి (వీఓఏ) సమక్షంలో గ్రామ సంఘంలో మాట్లాడి వాయిదాలు కుదుర్చుకోవడం మీ అందరికీ మంచిది. కానీ వాళ్లను కదిలించడానికి మీ మందుల డబ్బును పట్టుకుని కూర్చోవడం వేరు సంగతి.

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలో ఒక ప్రభుత్వ శాఖలో సీనియర్ అసిస్టెంటుగా చేసి 2019లో రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగా తోటి ఉద్యోగి పాడుకున్న చిట్టీకి ష్యూరిటీ సంతకం పెట్టాను. అతను కొన్ని వాయిదాలు కట్టి మానేశాడు. చిట్టీ కంపెనీ వాళ్లు చిట్ల రిజిస్ట్రారు దగ్గర అవార్డు (బాకీ కట్టాలన్న ఉత్తర్వు) తెచ్చుకుని, కోర్టులో దాని అమలుకు దరఖాస్తు (ఈపీ) వేసి, నా పింఛను ఖాతానూ, గ్రాట్యుటీతో వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్టునూ జప్తు చేయించారు. ముందు అతని దగ్గర వసూలు చేసుకుని, రాకపోతే కదా నా దగ్గరికి రావాలి? పైగా పింఛనును జప్తు చేయకూడదని అందరూ అంటారు. బ్యాంకు వారేమో కోర్టు ఆర్డరు ఉంది, మేమేం చేయలేమంటున్నారు.

జవాబు: మీ మొదటి ప్రశ్నకు జవాబు మీకు నచ్చదు. ష్యూరిటీ బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానమని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెబుతుంది. చిట్టీ కంపెనీ ముందు అతని వెంట పడి, అతని ఆస్తులన్నీ అయిపోయాక మీ దగ్గరికి రావాలన్న నియమం ఏదీ లేదు. పైగా ప్రతి నెలా జీతం వచ్చే ఉద్యోగి సంతకం కోసమే కదా వాళ్లు మిమ్మల్ని అడిగింది. మన ఆఫీసుల్లో మొహమాటానికి పెట్టే సంతకాల్లో దీనంత ఖరీదైనది ఇంకోటి లేదు. మీరు కట్టిన సొమ్మును తిరిగి అతని దగ్గర రాబట్టుకునే హక్కు మాత్రం మీకుంది.

రెండో విషయంలో చట్టం మీ పక్షాన గట్టిగా నిలబడింది. సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షనులో జప్తు చేయరాని వాటి జాబితా ఉంది. రైతు నాగలి, ఎడ్లు, విత్తనపు గింజలు, చేతిపనివాడి పనిముట్లు, కూలీవాడి కూలీ వంటివి అందులో ఉన్నాయి. ఆ జాబితాలోని జీ క్లాజు పింఛనుదారులకు ఇచ్చే పింఛను, గ్రాట్యుటీలను కాపాడుతుంది. అది ప్రభుత్వ పింఛనుదారులకే కాదు, స్థానిక సంస్థల నుంచీ ఇతర యజమానుల నుంచీ పింఛను పొందేవారికి కూడా వర్తిస్తుంది. మీ విషయంలో ఇందాక చెప్పిన 1871 చట్టం కూడా దీనికి తోడవుతుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉండేది. డబ్బు ప్రభుత్వం చేతిలో ఉన్నంతవరకే అది పింఛను, ఖాతాలో పడ్డాక మామూలు డబ్బే కదా, దానికి రక్షణ ఎక్కడిదని అప్పులవాళ్లు వాదిస్తూ వచ్చారు. చాలాకాలం ఆ వాదనకు బలం కూడా ఉండేది. 2008 నవంబరులో రాధేశ్యామ్ గుప్తా, పంజాబ్ నేషనల్ బ్యాంకుల మధ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. పింఛను, గ్రాట్యుటీ డబ్బు ఉద్యోగి చేతికి వచ్చి, దాన్ని అతను ఫిక్స్‌డ్ డిపాజిట్టుగా మార్చుకున్నంత మాత్రాన దాని స్వభావం మారిపోదని, 60వ సెక్షను రక్షణ దానికి కొనసాగుతుందని తీర్పు చెప్పింది. యాదృచ్ఛికమే అయినా, ఆ కేసులోని మనిషి కూడా మీలాగే ఇంకొకరి అప్పుకు హామీ ఉండి ఇరుక్కున్నవాడే.

బ్యాంకు వారి మీద కోపగించి లాభం లేదు. కోర్టు ఉత్తర్వు చేతికి వచ్చాక దాన్ని పాటించకుండా ఉండే స్వేచ్ఛ వాళ్లకు లేదు, ఆ ఖాతాలో డబ్బు ఎక్కడిదని విచారించే బాధ్యతను మన చట్టం వాళ్ల మీద పెట్టలేదు. కాబట్టి ఈపీ నడుస్తున్న కోర్టులోనే, సివిల్ ప్రొసీజర్ కోడు 47వ సెక్షను కింద జప్తును ఎత్తివేయమని మీరు దరఖాస్తు వేయాలి. పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) నకలు, రిటైరైన నాటినుంచి ఖాతా స్టేట్‌మెంటు, గ్రాట్యుటీ మంజూరు ఉత్తర్వు, ఆ డబ్బు ఖాతాలో పడ్డ తేదీ, అక్కడినుంచి డిపాజిట్టుకు మారిన తేదీ చూపించే రసీదు, ఈ కాగితాలతోనే మీ కేసు నిలుస్తుంది. సొమ్ము ప్రయాణాన్ని మజిలీ మజిలీగా చూపగలిగితే జడ్జి గారు పెద్దగా ఆలోచించరు. అలా కాక అదే ఖాతాలో ఇంటి అద్దెలు, పొలం కౌలు, అబ్బాయి పంపిన డబ్బు అన్నీ కలిసిపోయి ఉంటే ఏది పింఛనో ఏది కాదో విడదీయడం కష్టమవుతుంది, విడదీయలేని భాగం పోతుంది. ఇది చదివే పింఛనుదారులంతా ఈ ఒక్క పని ఇవాళే చేయవచ్చు: పింఛనుకు ఒక ఖాతా, మిగిలిన రాకపోకలకు మరో ఖాతా.

చిట్టీ పత్రాల్లో 'నా పింఛనును జప్తు చేసుకోవడానికి అభ్యంతరం లేదు' అని మీ చేత రాయించుకున్నారని కంపెనీ వాళ్లు అనవచ్చు. అలా రాసిచ్చినా అది చెల్లదు. 60వ సెక్షనులోనే 1ఏ ఉపసెక్షను, ఈ రక్షణను వదులుకుంటున్నానని ఎవరు ఒప్పందం రాసుకున్నా అది శూన్యమని చెబుతుంది. అయితే మీ ఇల్లు, స్థలం వంటి ఇతర ఆస్తుల మీదికి కంపెనీ రావడానికి ఈ రక్షణ అడ్డుకాదు. కనుక జప్తు ఎత్తివేత దరఖాస్తు వేస్తూనే, లోక్ అదాలత్‌లో వడ్డీ తగ్గించి ఒక మొత్తానికి తేల్చుకునే ప్రయత్నం చేయమనే నా సలహా.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. నాకు దివ్యాంగుల పింఛను 4016 వస్తుంది. ఫైనాన్సులో ఫోన్ కొన్నాను. పింఛను ఆలస్యమైన నెలల్లో కిస్తీ తేదీన ఖాతాలో డబ్బు ఉండదు. బ్యాంకు ఒక చార్జీ, ఫైనాన్సు వాళ్లు ఒక చార్జీ వేస్తారు. వాళ్లు ఒకే నెలలో రెండు మూడుసార్లు ప్రయత్నిస్తారు, ప్రతిసారీ చార్జీ. చివరికి పింఛను పడగానే సగం మాయం. ఆ ఆటో డెబిట్‌ను ఆపేయవచ్చా?

జవాబు: ఆపవచ్చు. ఇది నేను పైన చెప్పిన రెండో దారి, తాళంచెవి మీరే ఇచ్చారు, తిరిగి తీసుకునే హక్కూ మీదే. మీ బ్యాంకు శాఖలో ఆటో డెబిట్‌కు మీరిచ్చిన అనుమతిని (మ్యాండేటును) రద్దు చేయమని రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. అయితే మ్యాండేటు రద్దయితే అప్పు రద్దు కాదు. 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం 25వ సెక్షను ప్రకారం, ఖాతాలో డబ్బు లేక ఎలక్ట్రానిక్ చెల్లింపు తిరిగిపోతే చెక్కు బౌన్సు అయినట్టే క్రిమినల్ కేసు పెట్టే వీలుంది. అందువల్ల రద్దు చేసి మౌనంగా కూర్చోవద్దు. దానికంటే ముందు ఫైనాన్సు సంస్థకు ఉత్తరం రాసి, నా ఆదాయం పింఛను ఒక్కటే, అది ఫలానా తేదీల మధ్య పడుతుంది, కిస్తీ తేదీని ఆ తర్వాతకు మార్చండి, లేదా నేనే వచ్చి కడతాను అని చెప్పండి. చాలా సంస్థలు తేదీ మారుస్తాయి, ఎందుకంటే బౌన్సు అయిన కిస్తీ వాళ్ల పుస్తకాల్లోనూ మచ్చే.

బ్యాంకు చార్జీల విషయంలో, మీ ఖాతా కనీస నిల్వ అవసరం లేని బేసిక్ సేవింగ్స్ ఖాతాయేనా అని కనుక్కోండి, కాకపోతే మార్పించుకోండి. పింఛను పడే ఖాతాలో కనీస నిల్వ లేదని జరిమానా వేయడం లాంటి అన్యాయం దానితో కొంతైనా తప్పుతుంది.

ప్రశ్న: పంట రుణం బాకీ ఉందని రైతుభరోసా డబ్బు, మా ఇంటావిడ ఉపాధి హామీ కూలీ రెండూ బ్యాంకు జమ చేసుకుంది. రెండూ తప్పేనా? (మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఒక రైతు)

జవాబు: రెండింటినీ ఒకే గాటన కట్టలేం. మీ ఇంటావిడ కూలీ ఆవిడ సొంతం, పంట రుణం మీ పేరిట ఉంటే ఆ డబ్బును ముట్టుకునే హక్కు బ్యాంకుకు లేనే లేదు. వెంటనే రాసి తిరిగి తీసుకోండి. రైతుభరోసా దగ్గర మీ బలం కొంచెం తక్కువ. అప్పూ మీదే, ఖాతా కూడా మీదే. అయితే ఆ డబ్బు వచ్చే పంటకు పెట్టుబడిగా ఇచ్చిందే గాని పాత పంట బాకీకి ఇచ్చింది కాదు. రైతుబంధు రోజుల నుంచీ ఆ సొమ్మును బాకీల కింద పట్టుకోవద్దని ప్రభుత్వం బ్యాంకర్లకు చెబుతూనే ఉంది. 2018లో మొదటి విడత చెక్కుల రూపంలో ఇచ్చినప్పుడు ఈ తలనొప్పి ఇంతగా లేదు, సొమ్ము నేరుగా ఖాతాల్లో పడడం మొదలయ్యాకే పెరిగింది. మండల వ్యవసాయాధికారి ద్వారా జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు ఫిర్యాదు పంపండి. వడ్డీ కట్టి రుణాన్ని రెన్యువల్ చేయించుకుంటే ఈ సీజనుకు సమస్య తీరుతుంది.

ఖాతాలో వేయడం, చేతికివ్వడం అన్న తేడా ఆంధ్రప్రదేశ్ పాఠకులకు బాగా తెలుసు. అక్కడ ఎన్టీఆర్ భరోసా పింఛను నెల మొదటి రోజున ఇంటి దగ్గరే నగదుగా చేతిలో పెడతారు కాబట్టి బ్యాంకు బాకీ మధ్యలో అడ్డుపడే వీలే లేదు. 2024 మే నెలలో, ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు చాలామందికి ఖాతాల్లో వేస్తే, ఎండలో బ్యాంకుల ముందు ముసలివాళ్లు పడ్డ అవస్థ అందరం చూశాం. ఖాతాలో వేస్తే మధ్యలో దళారీ ఉండడనే మాట నిజమే. ఆ ఖాతా ఉన్న బ్యాంకే అప్పులవాడైతే ఏమిటన్న ఆలోచన మాత్రం ఆ పద్ధతిని రూపొందించినవాళ్లకు రాలేదు.

ప్రశ్న: మేము అమెరికాలో న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉంటాము. నేను ఇక్కడ పన్నెండేళ్లు ఒక దుకాణంలో పనిచేశాను, ఇప్పుడు నెలకు 1200 డాలర్ల సోషల్ సెక్యూరిటీ వస్తోంది. మా వారి ఆస్పత్రి ఖర్చులకు క్రెడిట్ కార్డు వాడి కట్టలేకపోయాను. వసూలు కంపెనీ కోర్టులో తీర్పు తెచ్చుకుంది. నా ఖాతాలో 3000 డాలర్లున్నాయి. ఆ డబ్బంతా పోతుందా?

జవాబు: అక్కడి సోషల్ సెక్యూరిటీ డబ్బును అప్పులవాళ్లు పట్టుకోరాదన్న నియమం 1935 నాటి ఆ చట్టం 207వ సెక్షనులోనే ఉంది. అయినా చాలా ఏళ్లు అక్కడా మన కథే నడిచింది. కోర్టు ఉత్తర్వు రాగానే బ్యాంకు ఖాతా మొత్తాన్ని స్తంభింపజేసేది, ఇది నా పింఛను మహాప్రభో అని నిరూపించుకునే భారం వృద్ధుల మీదే పడేది. 2011 మే 1 నుంచి అమెరికా ట్రెజరీ శాఖ నియమం ఆ భారాన్ని బ్యాంకు మీదికి మార్చింది. ఉత్తర్వు వచ్చిన రెండు పనిదినాల్లో బ్యాంకు ఆ ఖాతాను వెనక్కి రెండు నెలల మేరకు చూడాలి. ఆ కాలంలో ప్రభుత్వం నుంచి నేరుగా జమ అయిన పింఛను ఎంతో లెక్కగట్టి, అంత మొత్తాన్ని ఖాతాదారు అడగకుండానే వాడుకోనివ్వాలి. మీ లెక్కలో నెలకు 1200 చొప్పున 2400 డాలర్లు మీ చేతిలోనే ఉంటాయి. మిగిలిన 600 స్తంభించవచ్చు, అది కూడా పింఛనులోంచి మిగుల్చుకున్నదే అయితే కోర్టులో మినహాయింపు కోరి విడిపించుకోవచ్చు.

ఇందులో జాగ్రత్తపడాల్సినవి ఉన్నాయి. నేరుగా జమ అయిన డబ్బుకే ఈ రక్షణ తనంతట తాను వస్తుంది. చెక్కుగా తీసుకుని వేసుకున్నా, మరో ఖాతాకు మార్చుకున్నా బ్యాంకు లెక్కలోకి రాదు, అప్పుడు మీరే కోర్టుకు చెప్పుకోవాలి. మన ఇళ్లలో అలవాటుగా అమ్మ పింఛనును అమ్మాయి ఖాతాకు పంపేస్తారు. అలా చేయకండి. పిల్లల పోషణ బాకీకీ, అమెరికా ప్రభుత్వానికే పడ్డ బాకీకీ ఈ రక్షణ పూర్తిగా వర్తించదు. పన్ను కాని ఇతర ఫెడరల్ బాకీల కింద సోషల్ సెక్యూరిటీలో 15 శాతానికి మించి కోయరాదు, నెలకు 750 డాలర్లు ముట్టుకోరాదు అన్న పరిమితి ఉంది. మీది క్రెడిట్ కార్డు బాకీ కాబట్టి వీటిలో ఏదీ మిమ్మల్ని తాకదు. మీ కౌంటీలోని ఉచిత న్యాయ సహాయ కార్యాలయానికి వెళ్లి, ఆదాయం ఇది ఒక్కటే అని వసూలు కంపెనీకి ఒక ఉత్తరం రాయించుకోండి.

ఈ ఉత్తరాన్ని ఇక్కడ చేర్చడానికి ఇంకో కారణం ఉంది. గుంటూరు పెద్దమనిషి కాగితాలన్నీ మోసుకుని కోర్టు మెట్లెక్కి నిరూపించుకోవాల్సిన సంగతిని, అక్కడ బ్యాంకు కంప్యూటరు ఆ జమ పద్దుకు ముందే తగిలించిన గుర్తును చూసి తేల్చేస్తుంది. మన దగ్గరా నేరుగా ఖాతాలో పడే ప్రతి పింఛనుకూ పాస్‌బుక్కులో పథకం పేరు పడుతూనే ఉంది. ఆ పేరును చూసి ఆగమని బ్యాంకుకు చెప్పే ఒక్క నిబంధన రిజర్వు బ్యాంకు నుంచి వస్తే, నాకు ఈ ఉత్తరాల్లో సగం రావు.

ప్రశ్న: నా భర్త ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యారు. మేం విడిగా ఉంటున్నాం. కోర్టు నాకు నెలకు 7000 రూపాయల మనోవర్తి ఇచ్చింది. పింఛనును ఏ కోర్టూ ముట్టుకోలేదని, చట్టం తన వైపే ఉందని ఆయన ఏడాదికి పైగా పైసా ఇవ్వడం లేదు. నేను బతికేదే ఆ డబ్బు మీద. (రాజమహేంద్రవరం నుంచి ఒక సోదరి)

జవాబు: అమ్మా, ఆయన చెబుతున్నది, అంటే 1871 పింఛన్ల చట్టం 11వ సెక్షను, నేను పైన రెండుసార్లు మెచ్చుకున్నదే. అయితే అందులో ఉన్న మాట 'అప్పులవాడు'. మనోవర్తి అడిగే భార్య భర్తకు అప్పిచ్చిన మనిషి కాదని, ఆమె విషయంలో 11వ సెక్షను అడ్డు రాదని బొంబాయి హైకోర్టు 2019లో చెప్పింది. ఆకలి నుంచి కాపాడడానికి పెట్టిన కంచెను ఇంట్లోవాళ్లను ఆకలికి వదిలేయడానికి వాడుకోనివ్వరు. మీ వకీలు ఆ తీర్పును చూపించి పింఛనులోంచి మనోవర్తి ఇప్పించమని కోరవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది 'ఏడాదికి పైగా' అన్న మాట. మీ ఉత్తర్వు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు 125వ సెక్షను కింద గానీ, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను కింద గానీ ఇచ్చినదైతే, ఏ నెల మనోవర్తి అయినా బాకీ పడిన నాటినుంచి ఏడాదిలోగా దరఖాస్తు వేస్తేనే దాని వసూలుకు వారంటు జారీ అవుతుంది. అంటే మీరు ఆగే ప్రతి నెలా వెనుక ఒక నెల 7000 ఆ దారిలో వసూలు కాకుండా జారిపోతోంది. ఈ సంచిక మీ చేతికందిన వారంలోనే దరఖాస్తు వేయించండి. ఆయన పీపీఓ నంబరు, పింఛను పడే బ్యాంకు శాఖ పేరు మీకు తెలిస్తే దరఖాస్తులోనే రాయండి. తెలియకపోతే ఆ వివరాలు తెప్పించమని కోర్టునే కోరండి.